పైబండికి చార్జరు

1

నా సణుగుడు వినలేక భూలక్ష్మి నాకీ రాత పని పెట్టింది. "నీకు నోరు నొయ్యది గని నా చెవులు నొస్తున్నయి. ఏదున్నా రాసుకో, తీరిక దొరికినప్పుడు సదువుకుంట" అంది. చదవదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈసారి సణగడానికి సరుకు దండిగా ఉంది.

సంగతేమిటంటే, నా పెళ్ళానికి పైబండి ఇచ్చారు. పైబండి అంటే నీళ్ళ ట్యాంకరు. ఇన్నేళ్ళూ బాయి లోపలే, అంటే మేం కాపురముండే పాత బొగ్గుగని లోపలే, బెల్టు దగ్గర, నేను పిలిస్తే వినపడేంత దూరంలో పనిచేసిన మనిషి ఇకమీద ఎండలోకి ఎక్కి, గోదావరి మడుగు దాకా పోయి, ఊరికి నీళ్ళు తేవాలి. అడిగి మరీ తెచ్చుకుంది ఆ పని. "ఆకాశం జూడక ఎన్నేండ్లాయె" అని ఒకటే పాట.

పైన తిరిగే మనిషికి ఫోను బతికి ఉండాలి. దుమ్ము లేస్తే బాట చెప్పేది అదే. తిరిగొచ్చాక బాయి మూత తెరిపించేదీ అదే. లోపల ఎన్ని ఫోన్లు వెలుగుతున్నాయో చూసి అంతమందికి సరిపడా గాలి తోలుతారు కనక, ఆరిపోయిన ఫోనుతో వచ్చినవాళ్ళకు మూత తెరవరు. తాతలు ఇక్కడ బొగ్గు తవ్విన రోజుల్లో దీపం లేనివాణ్ణి లోపలికి దింపేవాళ్ళు కాదట. పైన ఎండకూ దుమ్ముకూ తాళలేక మేము ఇక్కడ కాపురాలు పెట్టాక దీపం పోయి ఫోను వచ్చింది, అంతే తేడా.

కాబట్టి బండిలో పెట్టుకోవడానికి ఒక చార్జరు ఎంచాలి. జహంగీర్ భాయ్ తోపుడు బండి ఈ వారం మా చాలులోకి, అంటే మా ఇళ్ళ వరుస ఉన్న సొరంగంలోకి వచ్చింది. పాత సొరంగం పట్టాల మీద బాయి నుంచి బాయికి తిరిగి సరుకులమ్మే మనిషి. "ఇంట్లకా, బండ్లకా, బాటకా?" అని మూడు రకాలూ ముందర పరిచాడు. అన్నీ అయస్కాంతానివే. గ్యాసున్న చోట నిప్పురవ్వ పుట్టకూడదని చార్జింగు తీగ గుచ్చే చిల్లులున్న ఫోన్లను మా బాయిలోకి రానివ్వరు. వెనక అతికించి నింపుకోవాల్సిందే. ఇంటి స్టాండు మాకుంది. బాటది చేతిలో ఇమిడే బిళ్ళ, తనలోనే కొంత కరెంటు దాచుకుంటుంది, కానీ పట్టు తక్కువ, గుంతల బాటలో జారిపోతుంది. బండిది క్లిప్పు, ముందరి అద్దం కింద బిగిస్తారు.

క్లిప్పుకి ఫోను అతికించి తలకిందులు చేశాను. ఊపాను. గుంజకు ఆనించి తట్టాను. ఇంకో క్లిప్పు అడిగి దాన్నీ తట్టాను. జహంగీర్ భాయ్ తమలపాకు నములుతూ చూశాడు.

"పెండ్లిచూపులకు వొచ్చిననాడు నన్ను గూడ గింతగనం జూడలే నువ్వు" అంది భూలక్ష్మి.

"నిన్ను జూసుడు తప్పు పోయినా నాకే గద. ఇది తప్పు పోతె నీకు."

"ఓయబ్బ, మాట నేర్చిండు" అని నవ్వింది. క్లిప్పే తీసుకున్నాం.

2

మా అవ్వ లచ్చవ్వకు కోడలు పైకి పోవడం నచ్చలేదు. నచ్చలేదని నాకు చెప్పింది, దానికి చెప్పలేదు. అత్తాకోడళ్ళ సంగతి మా ఇంట్లో తిరగబడి ఉంటుంది. ఇద్దరూ ఒక జట్టు, నేను అవతలి జట్టు. కూరలో ఉప్పు తక్కువైందంటే ఇద్దరూ కలిసి నా నాలుక బాగా లేదని తేలుస్తారు.

అవ్వకు ఇనుము మీద గురి. పీడకలొస్తే దిండు కింద చాకు, బాలింత మంచం కింద కొడవలి, చీకటి చాలులోకి పిల్లల్ని పంపితే జేబులో మేకు. ఈ రోజు అన్నం దగ్గర కదిపింది.

"బిడ్డా, పైకి పొయ్యేటప్పుడు ఇంత ఇనుము దగ్గర పెట్టుకో. గాలి ధూళి సోకదు."

"బండి మొత్తం ఇనుమే గదా అత్తా."

"అది సర్కారు ఇనుము. ఇంటి ఇనుము ఏరు."

భూలక్ష్మి పొలమారేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ కూడా నవ్వి ఊరుకుంది, మాట అక్కడితో అయిపోయింది.

ఫోనుకి అంగీ మాత్రం అవ్వే కుట్టాలి. పైకి పోయేవాళ్ళ ఫోను అంగీ ఇంటి పెద్ద ముసలమ్మ కుట్టడం మా చాలులో ఆనవాయితీ. ఎర్రగుడ్డ, లోపల దూది పొర, చుట్టూ గట్టి కుట్టు. పైన అంగీ లేకుండా తిప్పితే ఆ మెత్తటి దుమ్ముకి రెండు రోజుల్లో ఫోను గొంతు పోతుంది. తిరిగొచ్చాక గడప దగ్గరే అంగీ విప్పి, దుమ్ము దులిపి, గూట్లో పెట్టి, ఫోను మాత్రం లోపలికి తేవాలి. చెప్పులు విడిచినట్టే.

భూలక్ష్మి పడుకున్నాక కూడా అవ్వ అంగీ కుడుతూనే ఉంది. ఎర్రగుడ్డ నాయిన పని చొక్కాది. మా నాయిన ఈ బాయిలో ఫిట్టరు పని చేసి పోయాడు. ఆ చొక్కా చింపుతుందని నేననుకోలేదు.

3

మొదటి బండి క్షేమంగా వచ్చింది. మనిషి ముఖం అంతా దుమ్ము, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. గడప దగ్గర అంగీ విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఆకాశం ఎట్లున్నదో చెప్పన్నా?"

"ముందు ఫోను ఎట్లున్నదో చెప్పు."

ఫోను బాగా లేదు. ఇంటి నుంచి నిండుగా పోయింది, దారి పొడుగునా క్లిప్పు మీదే ఉంది, తీరా చూస్తే అడుగంటింది. క్లిప్పు పట్టు ఎలా ఉందని అడిగితే, "పట్టు మంచిగున్నది, రాయి మీద బల్లి లెక్క. ఎంత గుంతల పడ్డా కదలలే" అంది. దీపం ఏ రంగులో వెలిగిందంటే, మొదట పచ్చగా వెలిగి, తర్వాత నారింజ రంగులో ఆగి ఆగి కొట్టుకుందట.

క్లిప్పు ఇంటికి తెప్పించి, ఫోను అతికించి చూశాను. పచ్చదీపం. చక్కగా నిండింది. కుదుపులకు బండిలో తీగ వదులై ఉంటుందని తేల్చాను. నేను పైకి పోయి చూడటానికి లేదు. నాలా ల్యాంపు రూములో ఫోన్ల లెక్క చూసేవాళ్ళకు మామూలుగా పైకి పోయే చీటీ ఉండదు. తీగ బిగించమని బండి మేస్త్రీకి చెప్పి పంపాను.

ఆకాశం సంగతి నేను మళ్ళీ అడగలేదు. అదే చెప్పింది అన్నం తింటూ. ఉతికి ఉతికి వెలిసిన దుప్పటి లెక్క ఉందట. అయినా చూస్తే కడుపు నిండిందట.

4

తీగ బిగించారు. రెండో బండికీ అదే కథ, మూడో బండికీ అదే. ఇప్పుడు కొత్తది ఇంకోటి చేరింది: ఫోను వెనక, అంగీ కాలుతోందట.

జహంగీర్ భాయ్ ఇంకా మా పక్క చాలులోనే ఉన్నాడు. నేను వెళ్ళేసరికే చేతులు జోడించాడు. తన ఫోను తీసి క్లిప్పుకి అతికించాడు, పచ్చదీపం వెలిగింది. "నిండుతున్నది గద తమ్మీ. నీ వాలకం చూస్తె దీనికి జ్వరమేమో అనుకున్న" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, "అంగీ మందమున్నదేమో. దూది పొర దాటి రావద్దా కరెంటు?" అన్నాడు.

ఆ మాట నిజమనిపించింది. ఇంట్లో నేను పరీక్ష చేసేది అంగీ విప్పిన ఫోనుతో. పైన అది నిండాల్సింది అంగీతో. ఈ తేడా ఇన్నాళ్ళు నాకు తట్టనందుకు నా తల మీద నేనే ఒకటి వేసుకున్నాను. ఇంటికొచ్చి అవ్వకు చెబితే అప్పటికప్పుడు దూది తీసేసి, ఒంటిపొర గుడ్డతో అంగీ మళ్ళీ కుట్టింది. చేత్తో నిమిరి చూసి, "ఇగ పల్చగున్నది" అంది.

జహంగీర్ భాయ్ మాత్రం నన్ను వట్టి చేతులతో పంపలేదు. పాత క్లిప్పు తీసుకుని దానికి బదులు వెనక ఫ్యాను తిరిగేది, అయస్కాంతం రెట్టింపు ఉన్నది ఇచ్చాడు. పైన వేడికి ఇదే సరైనదని ఇద్దరం అనుకున్నాం. ఫోను దానికి అతికించి పీకబోతే నా గోరు లేచింది. ఇంత మంచి చార్జరు ఈ బాయిలో ఎవరి దగ్గరా లేదని చాలంతా చెప్పుకుని తిరిగాను. భూలక్ష్మి విని, "నీ చార్జరుకు ముంత పట్టుకొని ఊరేగింపు తియ్యరాదు" అంది.

5

సణగాలని లేదు ఈ రోజు. భయంగా ఉంది.

నిన్న వచ్చేటప్పుడు మూత కనుచూపు మేరలో ఉండగా భూలక్ష్మి ఫోను ఆరిపోయింది. మూత ముందు బండి ఆపి హారన్ కొట్టిందట. కావలి కనకయ్యకు ఆ హారన్ గుర్తు. చెయ్యి అడ్డం పెట్టుకుని సందులోంచి చూసి, మనిషిని పోల్చుకుని తెరిచాడు. అందుకు పై అధికారులు అతన్ని పిలిచి, ఇంకోసారి ఇలా చేస్తే మూత దగ్గర ఉండవని చెప్పారు. కనకయ్య మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడి, "చెల్లె, ఈసారి నాతోని గాదు. ఏమనుకోకు" అని వెళ్ళిపోయాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉందట. అంగీ పల్చగానే ఉందట. పట్టు ఎంత ఉందంటే పీకాలంటే రెండు చేతులూ కావాలట. అయినా నిండలేదు. పట్టుకోవడం వేరు, నిండటం వేరని నాకిప్పుడు అర్థమవుతోంది, కానీ ఎందుకో అర్థం కావడం లేదు.

"బాటది ఒకటి తీసుకుంట. జహంగీర్ భాయ్ ఐదో బాయికి పోయిండు, వారంల మళ్ళొస్తడు. అప్పటిదాక పోకు" అన్నాను.

"తొట్టిల నీళ్ళు నువ్వు జూసినవా? అడుగున బురద తేలింది. ఇంకో డ్రైవరుకు జ్వరం. నేను పోకుంటె ఎవరు పోతరు?"

"ఎవరన్న పోనీ."

"గట్లెట్ల మాట్లాడుతవు? ఇంటి నుంచి నిండుగ పోతున్న. దుమ్ము లేవకుంటె అది సరిపోతది. అవసరమున్నప్పుడే తెరుస్త, సరేనా?" అని నా చొక్కా గుండీ పెట్టింది. పెడుతూనే, "ఆకాశం నీకు గూడ చూపియ్యాలె ఒకసారి. చీటీ అడుగు" అంది.

అవ్వ ఆ పక్కనే కూర్చుని పప్పు ఏరుతోంది. "ఏం గాదురా. నా బిడ్డకేం గాదు" అంది. అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగిందో అని నాకు అవ్వ మీద అసూయ పుట్టింది.

6

ల్యాంపు రూములో గోడ మీద బోర్డు ఉంటుంది. ఒక్కో ఫోనుకి ఒక్కో చుక్క. లోపలున్న వాళ్ళవి తెల్లగా, పైన తిరిగేవాళ్ళవి పచ్చగా వెలుగుతాయి. పొద్దున బోర్డు మీద పచ్చచుక్క ఒకటే ఉంది.

పొద్దెక్కాక పైన దుమ్ము లేచిందని కబురొచ్చింది. ఫోను తెరిచి ఉంచక తప్పదు ఇక. మాట్లాడితే ఉన్న కాస్తా ఖర్చయిపోతుందని నేను దానికి ఫోను చేయలేదు. చేయి ఫోను దాకా పోయి వెనక్కి వచ్చింది చాలాసార్లు. అదే ఒకసారి చేసింది. గొంతులో కంగారు లేదు.

"మడుగు కాడికెల్లి మళ్ళిన. ట్యాంకు నిండుగున్నది. ముందర బండి మూతి గూడ కనవడుతలేదు, ఫోను చెప్పినట్టు పోతున్న. అత్తను గాబరా పెట్టకు."

"దీపమే రంగు?"

"నారింజ. కొట్టుకుంటున్నది" అని, "నీ చార్జరు పట్టు మాత్రం మంచిగున్నది" అంది. నవ్వించాలని అన్నది. నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.

ఆ తర్వాత పచ్చచుక్క మసకబారింది. నేను లేచి నిలబడ్డాను. మసకగానే చాలాసేపు ఉంది. అప్పుడు ఆరింది.

మూత దగ్గరికి పరిగెత్తాను. కనకయ్య నా చెయ్యి పట్టుకుని తన పక్కన నిలబెట్టుకున్నాడు. ఈసారి హారన్ వినబడితే తెరుస్తానని, ఎవరేమన్నా సరే అని ఒట్టేశాడు. ఇద్దరం చెవులు మూతకు ఆనించి నిలబడ్డాం. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

7

దొరికింది. నాలుగో బాయి నోటి ముందర. అది మూసేసి ఎన్నో ఏళ్ళయింది, నోరంతా రాళ్ళతో కట్టేసి ఉంటుంది. దుమ్ములో మళ్ళాల్సిన చోటుకి ముందే మళ్ళి, అదే మన మూత అనుకుని ఆగింది. బండి గాలి పీల్చే గొట్టం దుమ్ముతో పూడిపోయి లోపలి చల్లదనం ఆగిపోయింది, ఆ వేడికి మనిషి నిలవలేదు. బండి బ్యాటరీ మొత్తం అయిపోయి ఉందని తెచ్చినవాళ్ళు చెప్పారు. హారన్ కొట్టి కొట్టి అయిపోయి ఉంటుంది. ఆ రాళ్ళగోడ ముందు అది ఎంతసేపు కొట్టిందో నేను ఆలోచించకూడదు.

ట్యాంకు నిండుగా ఉంది. ఆ నీళ్ళు తొట్టిలో పోశారు. ఊరంతా తాగారు. నేనూ తాగాను.

బాయిలో మంట పెట్టం కనక పాత చాలులో మట్టి చేశాం. అవ్వ దాని ముఖం మీది దుమ్ము తన కొంగుతో తుడిచింది. ఎవరినీ తుడవనివ్వలేదు.

8

దాని సామాను నాకిచ్చారు. క్లిప్పు, నీళ్ళ సీసా, ఫోను. ఫోను అంగీలోనే ఉంది.

గడప దాటుతూ అంగీ విప్పడం మర్చిపోయాను. జన్మలో మర్చిపోని పని. అలాగే తెచ్చి ఇంటి స్టాండు మీద పెట్టాను. దాని ఫోటోలు చూడాలనిపించింది, ఆకాశం తీసిందేమో అని. దీపం పచ్చగా వెలిగింది. తర్వాత నారింజ రంగులో ఆగి ఆగి కొట్టుకుంది.

ఇంటి స్టాండు ఎన్నడూ అలా కొట్టుకోలేదు. ఫోను పైకి తీశాను. అంగీ వేడిగా తగిలింది. అంగీ విప్పి వట్టి ఫోను పెట్టాను. పచ్చదీపం నిలకడగా వెలిగింది. చేతిలో ఖాళీ అంగీ ఉంది. దాన్ని స్టాండు పక్కన పెట్టబోతే నా వేళ్ళలోంచి జారి, ఎగిరి పోయి అయస్కాంతానికి అంటుకుంది.

గుడ్డ అయస్కాంతానికి ఎందుకు అంటుకుంటుంది?

కుట్టు విప్పాను. లోపల రెండు మడతల మధ్య రంపం బ్లేడు ముక్క ఉంది. నాయిన బ్లేడు. పసుపు దారం చుట్టి ఉంది. చేతికి గుచ్చుకోకుండా పళ్ళన్నీ బండ మీద రుద్ది నున్నగా చేసి ఉన్నాయి. ఎన్నాళ్ళు రుద్దిందో. కోడలు నవ్విందని మాట ఆపేసి, ఇంటి ఇనుమును అంగీలో దాచి పంపింది. పల్చగా కుట్టమంటే దూది తీసింది కానీ దీన్ని తీయలేదు. దాని బుద్ధికి తోచిన కాపలా ఇది, ఎలా తీస్తుంది? ఫోనుకీ చార్జరుకీ నడుమ ఇనుప ముక్క అడ్డం కూర్చుంటే కరెంటంతా ఇనుముకే పోయి అది వేడెక్కింది, ఫోను ఎండిపోయింది. నేను పట్టు పెంచినకొద్దీ అయస్కాంతం ఆ ఇనుమునే ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఒక్కసారిగా అవ్వ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బ్లేడు ముక్క పిడికిట్లో బిగించి లేచాను. దాని ముందు పడేసి, చూడు నువ్వేం చేశావో, అని అరవాలనుకున్నాను.

అవ్వ లోపలి అరలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే, "ఇద్దరికే వొండాలె గదరా. మర్చిపోయి ముగ్గురికి వొండిన. నువ్వన్న తిను" అంది.

పిడికిలి జేబులో పెట్టుకున్నాను. తిన్నాను.

9

అవ్వకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాను. చదువుకుంటానన్న మనిషి చదవదని మొదటి రోజే రాశాను. తమాషాకు రాసిన మాట.

చాలులో అందరూ అడుగుతున్నారు, ఫోను ఎందుకు ఆరిందని. అవ్వ కూడా అడిగింది. ఏడుస్తూ కాదు, మామూలుగా, దుప్పటి మడత పెడుతూ.

"ఎందుకారిందిరా ఆ ఫోను?"

"నేను తెచ్చిన చార్జరు మంచిది గాదవ్వా. నాకు ఎంచుడు రాలే."

అవ్వ దుప్పటి పక్కన పెట్టింది. "నువ్వు మంచికే తెచ్చినవు బిడ్డా" అని నా తల నిమిరింది. నా తప్పు కాదని నాకు నచ్చజెప్పడానికి ఈ ముసలిది రెండు రోజులుగా నా వెంట తిరుగుతోంది. అన్నిటికంటే అది భరించడం కష్టంగా ఉంది.

జహంగీర్ భాయ్ తిరిగొచ్చాడు. అప్పటికే అతని సరుకు మంచిది కాదని మాట పాకింది. అతనికి అన్యాయం చేయడం నా వల్ల కాలేదు. పట్టాల పక్కకు తీసుకుపోయి బ్లేడు ముక్క చూపించి ఉన్నదంతా చెప్పాను. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని, నున్నటి అంచు మీద వేలు పోనిచ్చాడు.

"అమ్మకు తెలుసా?"

"తెల్వదు."

"తెల్వనియ్యకు. సరుకు మీదికి వొస్తె రానీ. ఈ చాలుల కొన్ని రోజులు అమ్మను, అంతే గద" అన్నాడు. బండి తోసుకుంటూ పోయాడు. బాటది ఒక బిళ్ళ నా చేతిలో పెట్టి మరీ పోయాడు.

ఇంకెవరింట్లో ఏ ముసలమ్మ ఏం కుట్టి పంపుతుందో అని నాకు భయం పట్టుకుంది. ల్యాంపు రూము తరఫున కొత్త పద్ధతి పెట్టించాను. పైకి పోయే ప్రతి అంగీని ముందు మా అయస్కాంతం దగ్గర పెట్టి చూడాలి, అంటుకుంటే విప్పాలి. ఎందుకని అడిగితే దుమ్ములో ఇనుప రజను ఉందని చెప్పాను.

మొదటి రోజే మూడు అంగీలు అంటుకున్నాయి.

10

పైకి పోయే చీటీ అడిగాను. ఇచ్చారు. నీళ్ళు ఎవరో ఒకరు తేవాలి. ఇంతకాలం ఎప్పుడూ అడగలేదేమని పై అధికారులు అడిగితే చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అవ్వ ఆపలేదు. అంగీ కుడతానంది. నాయిన చొక్కాలో ఇంకా గుడ్డ మిగిలి ఉంది. "అంగీ కుట్టవ్వా, వెనక మాత్రం ఖాళీ ఇడిసిపెట్టు, చార్జరుకు నేరుగ తగలాలె" అన్నాను. సరేనంది. వెనక చేతి వెడల్పున కిటికీ ఉంచి కుట్టింది. ల్యాంపు రూములో పెట్టి చూశాను. అంటుకోలేదు. అవ్వ మారిందేమో అనుకున్నాను.

ఈ పొద్దున బయలుదేరేటప్పుడు గడప దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి ఏదో తీసింది. పసుపు దారం చుట్టిన బ్లేడు ముక్క. నా జేబులో ఉన్నదానికి రెండో సగం.

"మీ నాయినది. రెండు తుకడలు చేసిన. ఒకటి దాని అంగీల పెట్టిన, నీకు చెప్పలే, నవ్వుతరని. ఇది నీకని దాచిన." ముక్కను కొంగుతో తుడిచింది. "పని చెయ్యలేదని అనుకోకు. అంత దుమ్ముల మనిషి దొరికి ఇల్లు చేరిందంటె అది దీని పుణ్యమే. లేకుంటె మనిషి బొక్కలు గూడ దొరకకపోవు. దానిది ఏమాయెరా, ఆ తుకడ?"

"దానితోనే పంపిన అవ్వా. మట్టిల పెట్టిన."

"మంచి పని చేసినవు" అని కళ్ళు తుడుచుకుంది. "ఇది అంగీల పెడుదునా?"

"వద్దు. నా దగ్గరనే ఉండనీ" అని చెయ్యి చాపాను. ఆ ముక్క అవ్వ ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

కనకయ్య మూత తెరిచాడు. బండి ఎక్కాను. దాని సీటు నాకు ముందుకు ఉంది, వెనక్కి జరుపుకోబుద్ధి కాలేదు, మోకాళ్ళు తగులుతున్నా అలాగే కూర్చున్నాను. పైకొచ్చాక బండి పక్కన ఆపాను. ఆకాశం ఉంది. వెలిసిన దుప్పటి అంది కానీ అంత వెలిసిందేం కాదు, అంచుల్లో నీలం ఇంకా మిగిలే ఉంది. అది గమనించలేదో, నాకు చూపించడానికి దాచుకుందో తెలియదు.

ఇది రాస్తున్నది బండిలోనే. ఫోను క్లిప్పు మీద ఉంది, పచ్చదీపం వెలుగుతోంది, నిండుతోంది. ఇనుప ముక్కలు రెండూ నా ఎడమ జేబులో ఉన్నాయి, క్లిప్పుకి వీలైనంత దూరంగా.